పోయొస్త

ఎనిమిదో నెల దాకా మా మోక్షిత
ఎవలెత్తుకున్నా పోయేది.
గ్యాస్ బండ తెచ్చినాయన భుజానికి,
పాలు వోసే పిలగాని సంకకు,
దేవరకొండ డిపోల డ్రైవర్ జంగయ్య మీసాలకు గూడ.
ఏడ్వది, మంచి పిల్ల అనేటోల్లు.
నేనేదో నేర్పినట్టు నవ్వుతుంటి.

బతుకమ్మ పూలు వాడినంక ఏమైందో ఏమో
చెప్పులల్ల కాలు వెట్టిన సప్పుడైతే చాలు
పెదవి వంకర తిరుగుతది.
మొల మీంచి ఖాకీ కోటు తీస్తుంటే
నన్ను జూడది, కోటును జూస్తది.
ఆ గుడ్డే అమ్మను మింగుతదని దాని లెక్క.

దిష్టి అన్నది మా అత్త ఈదమ్మ.
ఉప్పు, ఎండు మిరపకాయలు తిప్పి పొయిల వేసింది.
ఇల్లంత ఘాటు. అందరం దగ్గినం.
ఏడుపు తగ్గలే.

నేనొక దొంగదారి వట్టిన.
అది గిన్నె మీద గంటెతో వాయిస్తుంటే
చెప్పులు చేతవట్టుకొని
వెనక తలుపు నుంచి, గోడ పొంటి,
పదిన్నర డ్యూటీకి.
నాలుగు దినాలు గెల్సిన అనుకున్న.
అయిదో నాడు తానం చేసి తలుపు తీస్తే
గడప కాడ కూసోని ఉన్నది, కావలి.
రాత్రి నా కొంగు దాని పిడికిట్ల.
విడిపిస్తే లేస్తది.

అంగన్‌వాడి కళావతి టీచర్
గుడ్లు లెక్కవెడుతూ, తల ఎత్తకుండనే చెప్పింది:
"మొన్నటిదాక నువ్వు కనవడకపోతే
దానికి నువ్వు లేవు, అంతే.
ఇప్పుడు యాడనో ఉన్నవని ఎర్కైంది.
యాడున్నవో ఎర్క గాదు. మల్లొస్తవో రావో ఎర్క గాదు.
పొద్దుగూకుడంటే ఏందో దానికేం ఎర్క?
ఇరువై ఎనిమిది, ఇరువై తొమ్మిది...
రోగం గాదమ్మా. తెలివి."

తెలివొస్తే గింత ఏడుపొస్తదా అని
అడుగుదామనుకున్న. అడగలే.
నాకు ఎర్కలేని సంగతా.

ఆ దినం నల్లగొండ బస్సు.
జీరో టికెట్లు కొట్టుకుంట నడుమ దాకా వచ్చిన.
కొండమల్లేపల్లి దాటినంక
వెనక సీట్ల ఎవలదో పసిగుడ్డు గుక్కవట్టింది.
నా రొమ్ములు చేపుకొచ్చినయ్.
రైక తడిసి, కోటు తడిసి,
టికెట్ల బ్యాగు అడ్డం వెట్టుకున్న.
ఓ పెద్దాయనకు యాభై ఎక్కువిచ్చిన.
ఆయన నా మొకం జూసి
ఏమనకుండ నోటు తిరిగిచ్చిండు.
స్టాపుల బస్సు ఆగింది. ఎక్కేటోల్లు ఎక్కిండ్రు.
రైట్ అనాల్సింది నేనే.
ఆ ఒక్క మాట గొంతుల అడ్డం వడ్డది.
జంగయ్య అద్దంల నుంచి జూస్తుండు.

ఇంటికొచ్చి తువ్వాల మొకం మీద కప్పుకున్న. తీసిన.
తలుపెనక్కి పోయిన. వచ్చిన.
పోయిన. వచ్చిన.
పదకొండోసారికి నవ్వింది,
పన్నెండోసారికి తువ్వాల తనే గుంజింది.

మా దిక్కు గడప దాటేటప్పుడు పోతున్న అనొద్దు.
అంటే పెద్దోల్లు కసురుతరు.
పోయొస్త అనాలె.
ముప్పై ఏండ్ల నుంచి అంటున్న,
అండ్ల రెండు ముక్కలున్నయని ఇప్పుడు జూసిన.
దానికి మొదటి ముక్కే వినవడ్తది.
రెండోది సాయంత్రం బస్సుకు దిగుతది.

ఇప్పుడు ముందు తలుపు నుంచే పోతున్న.
కోటు దాని ముందే తొడుగుత,
గుండీలు దాన్నే గుంజనిస్త.
పోయొస్త బిడ్డా అంట.
ఏడుస్తది.
మూలమలుపు దాకా ఆ ఏడుపు నా ఎంబడి నడుస్తది.

మొన్న ఆరున్నరకు దిగి ఇల్లు జేరితే
పొద్దంత ఆడుకున్నది, ఒక్కపారి ఏడ్వలే అన్నది అత్త.
నన్ను జూసింది. జూసినంక
మూతి ముడిచి, వెక్కి వెక్కి ఏడ్సింది.
నా కోసమే దాచిపెట్టుకున్నది పిచ్చి పిల్ల.

గురువారం నైట్ హాల్ట్ వడ్డది.
రెండో ముక్కకు నడుమ ఒక రాత్రి.
అది ఎట్ల చెప్పాల్నో
టీచర్‌ను ఇంక అడగలే.